మనకు లేని క్రియ

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి, ఈ ఏడాది సంచికకు ఏదైనా వ్యాసం రాసిమ్మని అడిగాడు. "షేక్‌స్పియర్ మీద రాస్తారా మాస్టారూ?" అని కాస్త భయంగానే అన్నాడు. కాదు నాయనా, ‘హ్యావ్’ మీద రాస్తానన్నాను. హాస్యమాడుతున్నాననుకున్నాడు. నిజానికి హాస్యమేమీ లేదు. ఇంగ్లీషులో ‘బి’ అనే క్రియ తర్వాత జనం నోట అంత ఎక్కువగా నలిగే క్రియలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ‘హ్యావ్’ ఒకటి. మొదటి వాచకంలోనే ఎదురవుతుంది. ఎం.ఏ. పట్టా చేతికొచ్చాక కూడా కాలు జారేది ఇక్కడే.

"ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" అన్నందుకు ఒక ఇంటర్వ్యూలో బల్లకు అవతల కూర్చున్న పెద్దమనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారట. ఆ కుర్రవాడు నా దగ్గరే చదివాడు. పల్లెటూరి బడిలో తెలుగు మీడియంలో చదివి పైకొచ్చినవాడు, లెక్కల్లో దిట్ట. ఆ నవ్వు తర్వాత వాళ్ళడిగిన ప్రశ్నలకు జవాబులు తెలిసి కూడా చెప్పలేకపోయానని నాతో అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఎందుకంటే అది తెలివితక్కువతనం వల్ల వచ్చిన తప్పు కాదు. తెలుగు లక్షణంగా వచ్చినవాడు, ఆ తెలుగు పద్ధతినే నమ్మకంగా ఇంగ్లీషులోకి తీసుకుపోతే వచ్చే తప్పు. కారణం తెలిస్తే దిద్దుకోవడం పెద్ద పని కాదు. కారణం చెప్పకుండా నవ్వితే నోరు మూతపడుతుంది, అంతే.

కారణమేమంటారా? తెలుగులో ‘హ్యావ్’ అనే క్రియ లేదు.

నమ్మకం కుదరకపోతే ఈ మాటలు చూడండి. నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు. నా దగ్గర పెన్ను ఉంది. మా ఇంటికి నాలుగు తలుపులు ఉన్నాయి. ఆ అమ్మాయిలో పట్టుదల ఉంది. ఈ అయిదింటిలో – నాలుగే అంటారా, "నాకు జ్వరంగా ఉంది" కూడా కలుపుకోండి – ఎక్కడైనా మనిషి దేన్నైనా పట్టుకుని కూర్చున్నట్టుందా? తమ్ముళ్ళు ఉన్నారు, పెన్ను ఉంది, తలుపులు ఉన్నాయి. ఉన్నది అవి. మనం పక్కన నుంచున్నాం, ‘కు’ అనో ‘దగ్గర’ అనో ‘లో’ అనో ఒక ముక్క తగిలించుకుని. ఇంగ్లీషువాడు ఈ అయిదింటికీ ఒకే గిన్నె పెట్టాడు, దాని పేరు ‘హ్యావ్’. మనం దేని గిన్నె దానికి పెట్టాం.

ఈ తేడా చిన్నదేమీ కాదు. "ఆయనకు డబ్బుంది" అంటే ఆస్తిపరుడని. "ఆయన దగ్గర డబ్బుంది" అంటే ఇప్పుడు జేబులోనో పెట్టెలోనో ఉందని; అది ఆయనది కాకపోనూవచ్చు. కోటీశ్వరుడు కూడా బస్సెక్కి "నా దగ్గర చిల్లర లేదు" అనవచ్చు, "నాకు చిల్లర లేదు" అని మాత్రం అనడు. ఇంగ్లీషులో ‘హి హ్యాజ్ మనీ’ అన్నప్పుడు ఏ డబ్బో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి, లేదా చివర ‘ఆన్ హిమ్’ అని తోక పెట్టాలి. ఇక్కడ మన భాషే ఒక మెట్టు పైనుందని నా అభిప్రాయం. ఇంగ్లీషు లెక్చరరు అనవలసిన మాటేనా అని మా డిపార్టుమెంటులో ఎవరైనా అంటే అననివ్వండి.

ఇంకో చిక్కుంది. "మా నాన్నగారికి ముగ్గురు కొడుకులు ఉన్నారు." ఇందులో క్రియ ఎవరి వెంట నడుస్తోంది? కొడుకుల వెంట. ముగ్గురు కాబట్టి ‘ఉన్నారు’. ఇంగ్లీషులో మాత్రం క్రియ తండ్రి వెంట నడుస్తుంది. ఆయన ఒక్కడే కాబట్టి ‘మై ఫాదర్ హ్యాజ్ త్రీ సన్స్’. మన పిల్లలు ‘మై ఫాదర్ హ్యావ్ త్రీ సన్స్’ అని రాసినప్పుడు ఎర్ర సిరాతో కొట్టేసి ఊరుకుంటాం గానీ, వాడి మనసులో లెక్క సరిగ్గానే ఉందని గమనించం. వాడు కొడుకుల్ని లెక్కపెట్టాడు. ఇంగ్లీషు తండ్రిని లెక్కపెట్టమంటుంది. ఈ ఒక్క సంగతి తరగతిలో అయిదు నిమిషాలు చెబితే, ఏడాది పొడుగునా ఎర్ర గీతలు గీసినదానికంటే ఎక్కువ పనిచేసిందని నా అనుభవం.

మనమొక్కళ్ళమే ఇలా ఉన్నామనుకోకండి. తమిళులూ కన్నడిగులూ మలయాళీలూ మనలాగే ‘నాకు ఉంది’ అంటారు. హిందీలో ‘మేరే పాస్ హై’ అన్నా ‘ముఝే బుఖార్ హై’ అన్నా చివరికి ఉన్నది ‘హై’యే. సంస్కృతంలో ‘మమ అస్తి’. రష్యన్లది కూడా ‘నా వద్ద ఉంది’ అనే ధోరణే. ఐర్లండు వారి సొంత భాషలోనూ ‘హ్యావ్’కు సరిపడే క్రియ లేదు, ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అన్నట్టే వాళ్ళూ అంటారు. ఆ ఐర్లండు వారు తరతరాలుగా ఇంగ్లీషు మాట్లాడుతూ కూడా, ‘ఇప్పుడే తిన్నాను’ అనడానికి ‘ఐ హ్యావ్ ఈటెన్’ అనకుండా ‘ఐయామ్ ఆఫ్టర్ ఈటింగ్’ అంటుంటారు. భాషా శాస్త్రవేత్తలు దానికో పేరు పెట్టి గౌరవంగా అధ్యయనం చేస్తారు. మన కుర్రవాడి ‘హ్యావింగ్’కు మాత్రం నవ్వు. ఎమిల్ బెన్వెనిస్త్ అనే ఫ్రెంచి పండితుడు 1960లో ‘ఉండడం’, ‘కలిగి ఉండడం’ అనే రెండు క్రియల మీద ఒక వ్యాసం రాశాడు. ప్రపంచ భాషలను చూస్తే ‘ఉంది’తో సరిపెట్టుకోవడమే ఎక్కువచోట్ల కనిపిస్తుందనీ, ‘హ్యావ్’ లాంటి ప్రత్యేక క్రియ అంత సర్వసాధారణం కాదనీ ఆయన తేల్చాడు.

అసలు ‘హ్యావింగ్’ ఎక్కడి నుంచి వచ్చింది? నా ఊహ చెబుతాను. మన ‘ఉన్న’ రెండు ఉద్యోగాలు చేస్తుంది. ‘పెన్ను ఉన్నది’ అనేచోట ఉనికి చెబుతుంది. ‘చదువుతూ ఉన్నాను’ అనేచోట జరుగుతున్న పని చెబుతుంది. ‘చదువుతున్నాను’కు ‘ఐ యామ్ రీడింగ్’ అని నేర్పాం. అంటే ‘ఉన్నాను’ వినబడితే ‘యామ్’, ‘ఇంగ్’ పెట్టాలని పిల్లవాడు తనలో తానే సూత్రం చేసుకున్నాడు. దానికితోడు వాచకాల్లో ‘హ్యావ్’ అంటే ‘కలిగి ఉండు’ అని అర్థం ఇచ్చాం. కలిగి ఉన్నాను, చదువుతూ ఉన్నాను – రెండూ ఒకే అచ్చు. ‘ఐ యామ్ హ్యావింగ్’ పుట్టక ఏమవుతుంది? ఒక్క తెలుగువాళ్ళ సంగతే కాదు, దేశం మొత్తం మీద ఈ ‘ఇంగ్’ మోజు ఉంది. బొంబాయి కవి నిస్సిం ఎజెకీల్ ఈ ధోరణినే పట్టుకుని కొన్ని కవితలు అల్లాడు. ‘గుడ్‌బై పార్టీ ఫర్ మిస్ పుష్పా టి.ఎస్.’ మీలో చాలామంది చదివే ఉంటారు.

నియమం ఇది. ‘హ్యావ్’కు ‘ఉంది’ అని అర్థమైతే ‘ఇంగ్’ కూడదు. తమ్ముళ్ళు, ఇల్లు, సందేహం, డిగ్రీ – ఇవి జరిగే పనులు కావు, ఉన్న స్థితులు. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అనాలి. ‘హ్యావ్’ వెనుక ఒక పని గాని అనుభవం గాని ఉంటే ‘ఇంగ్’ నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ‘షి ఈజ్ హ్యావింగ్ టీ’ – టీ తాగుతోంది. ‘దే ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్’ – మీటింగు జరుపుకుంటున్నారు. కాబట్టి నోటికొచ్చిన ‘హ్యావింగ్’నల్లా తప్పని కొట్టేసే మాస్టర్లు కూడా ఒక్క క్షణం ఆగాలి. తెలుగులో చెప్పి చూసుకోండి. ‘ఉంది’ వస్తే ‘హ్యావ్’. ‘తాగుతోంది’, ‘పడుతున్నాడు’, ‘జరుపుకుంటున్నారు’ లాంటి పని వస్తే ‘హ్యావింగ్’ పనికొస్తుంది.

ఇంగ్లీషు చేసిన అపకారం మన తెలుగుకు కూడా జరిగింది, ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ‘ఈ భవనం నాలుగు ద్వారాలను కలిగి ఉంది’ అని రాస్తున్నారు పేపర్లలో, పాఠ్య పుస్తకాల్లో. భవనం ద్వారాలను కలిగి ఉండడమేమిటి! భవనానికి నాలుగు ద్వారాలున్నాయి అంటే తీరిపోయేదానికి. ‘ధనం గలవాడు’, ‘రూములు అద్దెకు కలవు’ అనే పాత ‘కల’ మనదే, దాంతో నాకు పేచీ లేదు. ఈ ‘కలిగి ఉంది’ మాత్రం ‘హ్యాజ్’కు తెలుగు చొక్కా తొడిగినట్టుంటుంది.

‘హ్యావ్’ పుట్టుక కూడా ముచ్చటైనదే. పాత ఇంగ్లీషులో ఇది ‘హబ్బన్’. జర్మన్‌లో ‘హాబెన్’. లాటిన్‌లో కూడా అదే అర్థంతో ‘హబేరె’ అనే క్రియ ఉంది. చెవికి అన్నదమ్ముల్లా ఉన్నాయి కదా, కానీ కాదు! లాటిన్‌లో ‘క’ ఉన్నచోట ఇంగ్లీషు కుటుంబంలో ‘హ’ వస్తుందని యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించాడు. పిల్లల కథలు పోగుచేసిన ఆ గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడే ఈయన. లాటిన్ ‘కెంటుమ్’ ఇంగ్లీషులో ‘హండ్రెడ్’, ‘కార్ను’ ‘హార్న్’ అయినట్టు. ఆ లెక్కన ‘హ్యావ్’కు నిజమైన చుట్టం లాటిన్ ‘కపెరె’. చేజిక్కించుకోవడం అని దానర్థం. ‘క్యాప్చర్’ అనే మాట దాన్నుంచి వచ్చిందే. మరి ‘హబేరె’కు ఇంగ్లీషులో చుట్టమెవరు? ‘గివ్’ అంటారు పండితులు. ఒకటి ఇచ్చేది, ఒకటి ఉంచుకునేది, మూలం ఒకటే. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల సంగతి గుర్తుంచుకోండి, ముందు పని పడుతుంది.

చేజిక్కించుకునే ఈ క్రియ కాలం చెప్పే పనిలోకి ఎలా వచ్చింది? ‘ఐ హ్యావ్ రిటెన్ ది లెటర్’ అంటే రాశాను అని కదా. మొదట్లో ఇది ‘ఉత్తరం రాసినదై నా దగ్గర ఉంది’ అన్నట్టుగా ఉండేది. మనం ‘రాసి ఉంచాను’, ‘రాసిపెట్టాను’ అంటామే, దాదాపు అదే. క్రమంగా దగ్గర ఉండడం అనే భావం అరిగిపోయి, పని పూర్తయి దాని ఫలితం ఇప్పుడు మిగిలి ఉందనే భావం నిలిచింది. అందుకే ఈ ‘హ్యావ్’కు ఎప్పుడూ ఒక కన్ను ఇప్పటి మీద ఉంటుంది. ‘ఐ హ్యావ్ లాస్ట్ మై హాల్ టికెట్’ అంటే పోయింది, ఇప్పుడూ లేదు అని. ఆ ‘ఇప్పుడు’ ఉన్నచోట ‘నిన్న’ ఇమడదు. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ తప్పు కావడానికి కారణం అదే. తెలుగులో ‘ఇప్పుడే చూశాను’, ‘నిన్న చూశాను’ – రెండింటికీ ‘చూశాను’ సరిపోతుంది గనక మనకు ఆ గోడ కనబడదు. నిన్న, పోయిన ఏడు, 1998లో – ఇలా తేదీ ముడిపెట్టారా, ‘హ్యావ్’ను వదిలేసి ‘ఐ సా హిమ్’ అనండి.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు ఇంకోటి. ‘మూడేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాను’ అని తెలుగులో వర్తమానం వాడతాం. దాన్ని ‘ఐ యామ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ అంటారు. ఇక్కడ కావలసింది ‘హ్యావ్ బీన్’, ‘సిన్స్’ బదులు ‘ఫర్’. ఇక ‘హ్యాడ్’ సంగతి. నిన్న బెజవాడ వెళ్ళాను అనడానికి ‘ఐ హ్యాడ్ గాన్ టు విజయవాడ ఎస్టర్‌డే’ అంటారు మనవాళ్ళు, ‘హ్యాడ్’ ఉంటే కాస్త బరువుగా, మర్యాదగా ఉంటుందనుకుని కాబోలు. ‘హ్యాడ్’ ఒంటరిగా నిలవదు. గడిచిపోయిన రెండు పనుల్లో ముందుదానికే అది. నేను స్టేషనుకు వెళ్ళేసరికే రైలు వెళ్ళిపోయింది – ఆ రైలుకు పెట్టండి ‘హ్యాడ్’.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటుకు వచ్చాను. దీపావళికి కొత్త బట్టలు వేసుకొచ్చిన విద్యార్థి ‘సార్, ఐ హ్యావ్ స్టిచ్డ్ టూ షర్ట్స్’ అన్నాడనుకోండి. ఇంగ్లీషువాడు వింటే, అబ్బో, ఈ కుర్రాడికి కుట్టుపని కూడా వచ్చునే అనుకుంటాడు. తెలుగులో ‘కుట్టాను’ వేరు, ‘కుట్టించుకున్నాను’ వేరు. ఈ రెండో మాట ఎంత గొప్పదో ఎప్పుడైనా విప్పి చూశారా? ‘కుట్టు’ పని. ‘ఇంచు’ పెడితే ఆ పని ఇంకొకరి చేత అని. ‘కొను’ పెడితే అది నాకోసమే అని. మూడు సంగతులు ఒక్క మాటలో. ఇంగ్లీషులో ఇదంతా చెప్పాలంటే ‘హ్యావ్’ పెట్టి, వస్తువును మధ్యలోకి తెచ్చి, పనిని చివరికి నెట్టాలి: ‘ఐ హ్యాడ్ టూ షర్ట్స్ స్టిచ్డ్’. మాటల వరసే ప్రాణం. తిరుపతిలో ‘ఐ షేవ్డ్ మై హెడ్’ అంటే కత్తి మీరే పట్టుకున్నట్టు. ‘ఐ హ్యాడ్ మై హెడ్ షేవ్డ్’ అంటే కల్యాణకట్టలో గుండు చేయించుకున్నట్టు.

పరిశోధక విద్యార్థులు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. ‘ఐ హ్యాడ్ రిటెన్ మై థీసిస్’ అంటే అప్పటికే నా సిద్ధాంత గ్రంథం రాశాను అని. రెండు మాటలు అటూ ఇటూ అయి ‘ఐ హ్యాడ్ మై థీసిస్ రిటెన్’ అన్నారో, ఎవరిచేతనో రాయించుకున్నానని పరీక్షకుల ముందు మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టవుతుంది!

చిత్రమేమంటే ఈ వరసలోనే మనకు జరిగిన అన్యాయాలు కూడా చెబుతారు. ‘హి హ్యాడ్ హిజ్ పాకెట్ పిక్డ్’ అంటే జేబు కొట్టించుకున్నాడని కాదు, వాడి జేబు ఎవరో కొట్టేశారని. ఎవడూ డబ్బిచ్చి జేబు కొట్టించుకోడు గనక అర్థం దానంతటదే తెలిసిపోతుంది.

‘హ్యావ్ టు’ దగ్గర అర్థం అంత తేలిగ్గా తెలియదు, పొరపడితే నష్టం కూడా ఎక్కువ. పలకడంలో ముందు ఒక మాట: దీన్ని వాళ్ళు ‘హ్యాఫ్ టు’ అన్నట్టు పలుకుతారు. అర్థం, చెయ్యాలి అని. ‘ఐ హ్యావ్ టు గో’ – వెళ్ళాలి. ‘మస్ట్ గో’ అన్నా దాదాపు అదే. అంచేత లేదనే రూపాలు కూడా ఒకటే అయి ఉంటాయని అనుకోవడం సహజం. కానీ అక్కడే దారులు చీలిపోతాయి. ‘యు డోంట్ హ్యావ్ టు’ అంటే అక్కర్లేదు. ‘యు మస్ట్ నాట్’ అంటే కూడదు. ఫీజు కట్టక్కర్లేదనడానికీ కట్టకూడదనడానికీ ఎంత తేడా! డాక్టరు రాసిచ్చిన మాత్ర గురించి ‘యు డోంట్ హ్యావ్ టు టేక్ ఇట్ విత్ ఫుడ్’ అంటే భోజనంతోనే వేసుకోవాలన్న నిబంధన లేదని, వేసుకున్నా ఫరవాలేదని. ‘మస్ట్ నాట్’ అన్నాడా, భోజనంతో వేసుకుంటే ప్రమాదమని. తెలుగులో మనకు అక్కర్లేదు, కూడదు అని రెండు ఖచ్చితమైన మాటలున్నాయి. వీటిని ఎవరూ కలగాపులగం చెయ్యరు. ఇంగ్లీషు చదివేటప్పుడు కూడా ఆ రెంటినీ మనసులో పెట్టుకుంటే చాలు.

గడిచిన కాలంలో మరో మడత ఉంది. ‘ఐ హ్యాడ్ టు గో’ అంటే వెళ్ళాల్సి వచ్చింది, వెళ్ళాను కూడా. ‘ఐ షుడ్ హ్యావ్ గాన్’ అంటే వెళ్ళాల్సింది, కానీ వెళ్ళలేదు. తెలుగులో ‘వచ్చింది’ అనే ఒక్క మాట ఉండడం, లేకపోవడం మీద ఈ తేడా అంతా నిలబడి ఉంది. సంజాయిషీ ఉత్తరాలు రాసేవారు గమనించాలి. ‘ఐ షుడ్ హ్యావ్ అటెండెడ్’ అని రాస్తే హాజరు కాలేదని, అది మీ తప్పేనని ఒప్పుకున్నట్టు.

సొంతానికీ బాధ్యతకూ ఈ చుట్టరికం ఎందుకో నాకు ఎప్పుడూ ఆలోచనగానే ఉంటుంది. ‘హ్యావ్’ నుంచి ‘హ్యావ్ టు’ వచ్చింది. ‘ఓన్’ అంటే సొంతం, ‘ఓ’ అంటే బాకీపడడం, ‘ఆట్’ అంటే చెయ్యవలసి ఉండడం – మూడూ పాత ఇంగ్లీషులో ‘ఆగన్’ అనే ఒక్క క్రియ పిల్లలే, దాని అర్థమూ కలిగి ఉండడమే. బ్యాంకు పుస్తకంలో కనిపించే ‘డెబిట్’ కూడా లాటిన్ ‘హబేరె’ ఇంటిదే: ఇంకొకరిది మన దగ్గర ఉండడం, అంటే అప్పు. 

ఇంతవరకు మార్కులు, ఉద్యోగాలు. ‘హ్యావ్’ అర్థం మీద ఒక మనిషి ప్రాణం తూగిన కేసు కూడా ఉంది. ఇంగ్లండులో అప్పట్లో లండన్‌ను ఆనుకుని క్రోయ్‌డన్ అనే ఊరుండేది. 1952 నవంబరు 2వ తేదీ రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు అక్కడ ఒక గోదాముపైకి దొంగతనానికి ఎక్కారు. క్రిస్టఫర్ క్రెయిగ్‌కు 16 ఏళ్ళు, డెరెక్ బెంట్లీకి 19. తుపాకి క్రెయిగ్ చేతిలో ఉంది. పోలీసులొచ్చారు. ఒక డిటెక్టివు పైకెక్కి బెంట్లీని పట్టుకున్నాడు. ఆ సమయంలో బెంట్లీ ‘లెట్ హిమ్ హ్యావ్ ఇట్, క్రిస్’ అని అరిచాడని పోలీసులు కోర్టులో సాక్ష్యం చెప్పారు. క్రెయిగ్ కాల్చాడు. మొదట ఆ డిటెక్టివు గాయపడ్డాడు. తర్వాత కొద్దిసేపటికి సిడ్నీ మైల్స్ అనే కానిస్టేబులు తలకు గుండు తగిలి చనిపోయాడు. అప్పటికి బెంట్లీ పోలీసుల చేతిలోనే ఉన్నాడు.

ఆ మాటకు రెండర్థాలు. ‘ఇట్’ అంటే తుపాకి అనుకుంటే ‘అది ఆయనకిచ్చెయ్యి క్రిస్’ అని. లొంగిపొమ్మని చెప్పినట్టు. జాతీయంగా తీసుకుంటే ‘వాడికొక్కటివ్వు’ అని. కాల్చమని ప్రోత్సహించినట్టు. మూడు పొట్టి మాటలు, ఒక ‘హ్యావ్’. అర్థాలు ఒకటి తూర్పు, ఒకటి పడమర. ప్రాసిక్యూషన్ రెండో అర్థమే పట్టుకుంది. బెంట్లీ, క్రెయిగ్ ఇద్దరూ అసలా మాట అననే లేదన్నారు. జ్యూరీ ఇద్దరినీ దోషులంది. క్రెయిగ్‌కు ఉరి వేసే వయసు లేదు గనక జైలుకు పోయి, 1963లో విడుదలయ్యాడు. కాల్చని బెంట్లీని 1953 జనవరి 28న ఉరితీశారు. అతని కుటుంబం దశాబ్దాల తరబడి పోరాడింది. 1998 జులైలో అప్పీలు కోర్టు, ఆనాటి విచారణ న్యాయంగా జరగలేదని ఆ తీర్పును కొట్టివేసింది. అప్పటికి ఉరి జరిగి నలభై అయిదేళ్ళు.

దీన్ని తెలుగులో తరగతికి చెప్పినప్పుడు ఒక సంగతి తట్టింది. ‘వాడికిచ్చాను’ అంటే మనకు కూడా రెండర్థాలే. పుస్తకం ఇచ్చాననవచ్చు, చెంప మీద ఒక్కటిచ్చాననవచ్చు. ‘గివ్’కూ లాటిన్ ‘హబేరె’కూ చుట్టరికమని పైన చెప్పాను చూడండి, ఇంగ్లీషుతో ఏ రక్తసంబంధమూ లేని మన ద్రావిడ భాషలో కూడా ఇవ్వడం ఆ దారినే పోయింది. కాకపోతే మనం ఇచ్చేవాడి వైపు నుంచి చెబుతాం, వాళ్ళు పుచ్చుకునేవాడి వైపు నుంచి. ‘లెట్ హిమ్ హ్యావ్’ – అతను పుచ్చుకోనీ, అని.

పుచ్చుకోవడం అంటే గుర్తొచ్చింది. ‘కాఫీ పుచ్చుకుంటారా?’ అనే మర్యాద కొన్ని ఇళ్ళల్లో ఇంకా వినబడుతుంది. తాగుతారా అని మొహం మీద అడక్కుండా కాస్త తెర వెయ్యడం. ‘విల్ యు హ్యావ్ కాఫీ?’లో ‘హ్యావ్’ చేసేదీ ఆ పనే. ‘తీసుకోండి’ని మక్కికి మక్కిగా ‘టేక్ కాఫీ’ అనడం మన అలవాటు. అర్థమవుతుంది గానీ, ‘హ్యావ్’లో ఉన్న ఆ తెర అందులో లేదు.

చిన్నవి రెండు మూడు చెప్పి ముగిస్తాను. ‘హ్యావ్ ఎ వర్డ్ విత్ హిమ్’ అంటే అతనితో ఒక మాట మాట్లాడు అని. ‘హ్యావ్ వర్డ్స్ విత్ హిమ్’ అంటే మాటామాటా అనుకోవడం, అంటే పోట్లాట. ఒక్క ‘స్’తో స్నేహం చెడుతుంది. ‘హ్యాడ్ హ్యాడ్’ అని పక్కపక్కన రెండుసార్లు వస్తే అచ్చుతప్పనుకుని ఒకటి కొట్టెయ్యకండి. ‘హి హ్యాడ్ హ్యాడ్ హిజ్ డిన్నర్’ – మొదటిది కాలం చెబుతుంది, రెండోది భోంచేస్తుంది. సినిమాల్లో ‘హీజ్’ అని వినబడితే అది ‘హి ఈజ్’ కావచ్చు, ‘హి హ్యాజ్’ కావచ్చు. తర్వాత వచ్చే మాట వినేదాకా తొందరపడవద్దు.

ఆఖరుది ‘హ్యాడ్ బెటర్’. ‘హ్యాడ్’ ఉంది కదా అని గడిచిపోయిన సంగతి అనుకుంటారు. కాదు, ఇకముందు సంగతే. ‘యు హ్యాడ్ బెటర్ గో’ అంటే వెళ్తే మంచిది – వెళ్ళకపోతే నీకే నష్టం, అనే బెదిరింపు దాని కడుపులో ఉంటుంది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో అనవచ్చు, ఇద్దరు స్నేహితులు అనుకోవచ్చు. పోయిన సంవత్సరం ఒక విద్యార్థి చెల్లెలి పెళ్ళికి నాలుగు రోజులు సెలవడుగుతూ, మర్యాద కాస్త ఎక్కువగా ఉండాలని కాబోలు, ‘యు హ్యాడ్ బెటర్ గ్రాంట్ మి లీవ్’ అని ప్రిన్సిపాలుగారికి రాశాడు. ఆయన ఆ కాగితం పట్టుకుని మా గదికి వచ్చి, "ఇవ్వకపోతే ఏం చేస్తాడంటారు?" అని అడిగారు. సెలవైతే ఇచ్చారు. అలాంటి చోట రాయవలసింది ‘ఐ షల్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు గ్రాంట్ మి లీవ్’ అని.